కోట నుంచి కొండ దాకా: మౌంట్ రోడ్డు వింతలు, విశేషాలు

చెన్నపట్నంలో సెయింట్ జార్జి కోట దగ్గర బయల్దేరి, కూవం నదిని దాటి, నైరుతి దిక్కుగా సెయింట్ థామస్ కొండ దాకా పోయే దారి మౌంట్ రోడ్డు. పొడవు సుమారు 15 కిలోమీటర్లు. దొరలు కొండకు పోయే బాట కనుక ఆ పేరొచ్చింది. ముఖ్యమంత్రి అన్నాదురై కన్నుమూశాక అన్నా సాలై అని పేరు మార్చారు. ఆటో ఎక్కి ఏ పేరు చెప్పినా బండి కదులుతుంది.

దేశంలో మొదటిది, ఆసియాలో పెద్దది, దక్షిణాదిలో పాతది అని చెప్పుకునేవి ఈ ఒక్క దారిలో ఉన్నన్ని మన దేశంలో మరో వీధిలో ఉంటాయా అన్నది నా అనుమానం. వాటిలో నిక్కమైనవీ ఉన్నాయి, ఊరి మీద అభిమానంతో పెంచి చెప్పినవీ ఉన్నాయి. వరసపెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఈ రికార్డులు నెలకొల్పినవాళ్లలో ఎక్కువమంది పొట్ట చేతబట్టుకుని ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లు. ఒక ఆర్మీనియా వర్తకుడు, ఓడలో దొంగతనంగా ఎక్కి వచ్చిన ఇంగ్లీషువాడు, బందరు నుంచి వచ్చిన మన ఫొటోగ్రాఫరు.

రికాబుల్లేని మన్రో

దారి మొదట్లోనే ఐలండ్ మైదానం దగ్గర ఎత్తయిన దిమ్మె మీద గుర్రమెక్కి కూర్చున్న కంచు విగ్రహం సర్ థామస్ మన్రోది. 1839 అక్టోబరు 23న ఆవిష్కరించారు. చెక్కినవాడు లండన్ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ. గుర్రానికి జీను లేదు, కాళ్లు పెట్టుకునే రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడనీ, తప్పు తెలిసి ప్రాణం తీసుకున్నాడనీ ఒక కథ తరతరాలుగా నడుస్తోంది. అది నిజం కాదు. చాంట్రీ చెక్కిన గుర్రపు విగ్రహాలు ప్రధానంగా మూడు: లండన్ ట్రఫాల్గర్ చౌరస్తాలో నాలుగో జార్జి రాజుది, రాయల్ ఎక్స్ఛేంజి ముందు వెల్లింగ్టన్ ప్రభువుది, మద్రాసులో మన్రోది. మూడింటిలోనూ రికాబులు లేవు. అది ఆయన పద్ధతి. ఆయన పోయింది 1841లో, గుండె జబ్బుతో.

ఈ విగ్రహం ముందు మన రాయలసీమవాళ్లు ఒక నిమిషం ఆగాలి. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా మన్రో ప్రధాన కలెక్టరు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు సీమల్లో డేరాలు వేసుకుని ఊరూరా తిరిగి, పొలం పొలం కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పదవి ముగించుకుని స్వదేశం వెళ్లబోతూ, తాను పనిచేసిన సీమను ఒకసారి చూసి వద్దామని బయల్దేరి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట గుత్తిలో పూడ్చి, తర్వాత కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడారన్నది భక్తులు చెప్పుకునే కథ. తిరుమలలో పొంగలి నివేదనకు వాడే మన్రో గంగాళం పేరు వెనక కూడా ఆయన మొక్కు ఉందంటారు. సీమలో ఒకప్పుడు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్లు. పరాయి పాలకుడి పేరు కన్నబిడ్డకు పెట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద వింతగా నాకు తోస్తుంది. కంపెనీ కొల్లగొట్టిన సొమ్మును మరిచిపోమని కాదు. ఊళ్లో డేరా వేసి రైతు మాట విన్న అధికారిని జనం ఎంతకాలం గుర్తుపెట్టుకుంటారో ఆ పేరు చెబుతుంది.

ఆవిరి కారు, గుడ్డ రెక్కల విమానం

కూవం వంతెన దిగగానే కనిపించే సింప్సన్ కంపెనీ 1840లో గుర్రబ్బండ్లు తయారుచేయడానికి పుట్టింది. అక్కడి ఇంజినీరు శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరితో నడిచే కారు తయారుచేసి రోడ్డెక్కించాడు. మన దేశంలో తయారైన మొదటి కారు అదేనని చెబుతారు.

ఇంకో ఏడేళ్లకు అదే కంపెనీ చేతి నుంచి ఏకంగా విమానమే వచ్చింది. మౌంట్ రోడ్డులో పేరుమోసిన హోటలు నడిపే జియాకొమో డాంజెలిస్ అనే యూరపు దొరకు ఎగరాలన్న పిచ్చి పట్టింది. లూయీ బ్లెరియో విమానంలో ఇంగ్లిష్ ఛానల్ దాటింది 1909 జులైలో. ఏడాది తిరక్కుండానే, 1910 మార్చిలో, డాంజెలిస్ తాను గీసిన నమూనాతో సింప్సన్ వాళ్ల చేత కట్టించిన విమానాన్ని మద్రాసులో గాల్లోకి లేపాడు. తర్వాత టిక్కెట్టు పెట్టి జనానికి చూపించాడు. మన విమానయాన చరిత్ర మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా 1911 ఫిబ్రవరిలో అలహాబాదు నుంచి ఉత్తరాలు మోసిన విమానం దగ్గర మొదలుపెడతారు. అంతకు దాదాపు ఏడాది ముందే ఒక హోటలాయన చేసిన ఈ పని చాలా పుస్తకాల్లో కనిపించదు. కనిపించాలి.

నక్షత్రాలు లెక్కపెట్టేవాడు కట్టిన విందుశాల

ప్రభుత్వ ఎస్టేటు ఆవరణలో తెల్లటి స్తంభాలతో, గ్రీకు గుడి వాలకంలో ఉండే మేడ రాజాజీ హాలు. గవర్నరు రెండో క్లైవ్ కాలంలో, టిప్పు సుల్తాన్ మీద గెలిచిన గుర్తుగా విందుల కోసం కట్టించారు. 1802లో పూర్తయింది. కట్టించినవాడు జాన్ గోల్డింగ్‌హామ్. అసలు ఉద్యోగం చూస్తే ఆయన మద్రాసు వేధశాల ఖగోళ శాస్త్రవేత్త.

ఆయన చేసిన రెండు పనులు ఈ మేడకన్నా పెద్దవి. మొదటిది, మద్రాసు రేఖాంశాన్ని లెక్కగట్టడం. దాని మీద ఆధారపడిందే గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందుండే మద్రాసు కాలం. ఇప్పటి భారత కాలమానం 1906లో వచ్చేదాకా దేశంలోని రైళ్లు ఎక్కువగా నడిచింది ఈ మద్రాసు గడియారం ప్రకారమే.

రెండోది వింటే ముచ్చటేస్తుంది. ఆ రోజుల్లో కోటలోనూ సెయింట్ థామస్ కొండ మీదా పొద్దునా సాయంత్రం ఫిరంగి పేల్చేవాళ్లు. గోల్డింగ్‌హామ్, ఆయన సహాయకులు వేధశాల మీద నిలబడి, ఫిరంగి నిప్పు కనబడ్డ క్షణానికీ చప్పుడు వినబడ్డ క్షణానికీ మధ్య వ్యవధిని రోజూ రాసుకున్నారు. ఎండ, గాలి, తేమ కూడా పక్కనే నమోదుచేశారు. ఇలా 1820, 1821 సంవత్సరాల్లో ధ్వని వేగాన్ని కొలిచారు. వాతావరణాన్ని బట్టి ఆ వేగం నెలనెలకూ మారుతుందని తేల్చారు. మౌంట్ రోడ్డు రెండు చివర్లలో పేలిన ఫిరంగులు భౌతికశాస్త్రానికి పనికొచ్చాయన్నమాట.

విందుల కోసం కట్టిన ఈ హాలు స్వతంత్ర భారతంలో చివరిచూపుల హాలైంది. అన్నాదురై, రాజాజీ, కామరాజ్, ఎం.జి.ఆర్., జయలలిత, కరుణానిధి, అందరి పార్థివదేహాలనూ ప్రజల సందర్శనకు ఉంచింది ఈ మెట్ల మీదే. 1969 ఫిబ్రవరిలో అన్నాదురై అంత్యక్రియలకు కోటిన్నర మంది వచ్చారన్న అంచనా గిన్నెస్ పుస్తకంలో చేరింది. 1971 జనగణనలో తమిళనాడు మొత్తం జనాభా 4 కోట్ల 12 లక్షలు. అంటే రాష్ట్రంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి ఒకే రోజు ఒకే ఊరికి వచ్చుండాలి. ఆ అంకెను నేను అక్షరాలా నమ్మలేను. నిలబడ్డ చోటు నుంచి లెక్కపెట్టడానికి వీల్లేనంత జనం వచ్చారన్నది మాత్రం ఎవరూ కాదనలేదు. ఆయన బతికుండగానే 1968లో ఈ రోడ్డు మీద విగ్రహం పెట్టారు. చూపుడువేలు ఎత్తి నిలబడ్డ ఆ విగ్రహమే ఇప్పటికీ చౌరస్తాకు గుర్తు.

ఇదే ఎస్టేటులో మరో విడ్డూరం ఉంది. కొత్త శాసనసభ కోసం గోపురంతో కట్టిన భారీ భవనాన్ని 2010 మార్చిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది. సభ తిరిగి కోటకు వెళ్లిపోయింది. 2014లో ఆ భవనం సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిగా తెరుచుకుంది. శాసనసభగా పుట్టి ఆసుపత్రిగా మారిన భవనం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.

రూపాయి పన్నెండణాల పత్రిక

హిందూ పత్రికను ఇక్కడివాళ్లు మౌంట్ రోడ్డు మహావిష్ణువు అని పిలిచేవాళ్లు. 1878 సెప్టెంబరు 20న ఆరుగురు కుర్రాళ్లు రూపాయి పన్నెండణాలు అప్పుచేసి 80 కాపీలు అచ్చేయించారు. అప్పుడది వారపత్రిక. హైకోర్టు జడ్జిగా ఒక భారతీయుణ్ణి నియమించినందుకు తెల్లవాళ్ల పత్రికలు రాసిన రాతలు వాళ్ల రక్తం మండించాయి. ఆ ఆరుగురిలో నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. వాళ్లలో ఒకరు మన న్యాపతి సుబ్బారావు పంతులు. చదువయ్యాక రాజమండ్రి వెళ్లి ప్లీడరుగా, ఆంధ్రోద్యమ పెద్దగా, ఆంధ్ర భీష్ముడిగా పేరు తెచ్చుకున్నది ఆయనే. 1883లో పత్రిక మౌంట్ రోడ్డుకు మారింది, 1889లో దినపత్రికైంది, 1939లో ఇప్పటి కస్తూరి భవనానికి చేరింది. రాజమండ్రిలో సుబ్బారావు గారిని తలుచుకునేవాళ్లున్నారు. హిందూ పునాదిలో ఆయన చెయ్యి ఉందన్న సంగతి మాత్రం మన పిల్లల పాఠాల్లో కనబడదు.

బందరు వెంకయ్య గారి తెర

ఇక మన గుండెకు దగ్గరి కథ. మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసు వచ్చి మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో పెట్టారు. బొమ్మలు తియ్యడంలో మంచి పేరుండేది, రాబడికి లోటు లేదు. అలాంటి మనిషి 1910 ప్రాంతాల్లో స్టూడియో తాకట్టు పెట్టి, 30 వేల రూపాయలు పోసి, క్రోనోమెగాఫోన్ అనే విదేశీ యంత్రం తెప్పించారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కనే గ్రామఫోనులో పాటో మాటో వినిపించే ఏర్పాటు అది. టాకీ రావడానికి ఇంకా ఇరవయ్యేళ్లుంది. డేరాలు వేసి ఊళ్లు తిరిగి చూపించారు. సింహళం వెళ్లారు, బర్మా వెళ్లారు. సంపాదించిన డబ్బుతో 1914లో మౌంట్ రోడ్డు పక్క వీధిలో గెయిటీ థియేటరు కట్టారు. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అదే. తర్వాత క్రౌన్, గ్లోబ్ కూడా కట్టారు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకురమ్మని విదేశాలకు పంపారు. అతను తిరిగొచ్చి 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీతోనే తెలుగు సినిమా చరిత్ర మొదలుపెడతాం.

గెయిటీ ఇప్పుడు లేదు. పడగొట్టేశారు. వెంకయ్య గారి పేరిట ప్రభుత్వం 1980లో ఒక అవార్డు నెలకొల్పింది. ఆయన హాలు నిలిచిన చోట ఒక రాతిపలక ఉన్నా ఎంతో బాగుండేది. గెయిటీకన్నా కాస్త పాతదైన ఎలక్ట్రిక్ థియేటరును వార్విక్ మేజర్ అనే ఇంగ్లీషాయన 1913లో కట్టాడు. దాని అదృష్టం వేరు. తపాలా శాఖ కొని, కూల్చకుండా అట్టేపెట్టుకుంది. మౌంట్ రోడ్డు పెద్ద పోస్టాఫీసు ఆవరణలో ఇప్పుడది స్టాంపులు సేకరించేవాళ్ల కోసం నడిచే కేంద్రం.

ఇదే రోడ్డులో జెమినీ వైపు 1964లో సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్ అనే మూడు తెరలు ఒకే ప్రాంగణంలో వెలిశాయి. దేశంలో మొదటి మల్టీప్లెక్స్ అదేనంటారు. సఫైర్‌లో 70 ఎంఎం బొమ్మ. బ్లూ డైమండ్‌లో ఆటలు ఆపకుండా తిరుగుతూనే ఉండేవి. ఎప్పుడైనా లోపలికి పోవచ్చు, ఎప్పుడైనా లేచి రావచ్చు. మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి ఏసీ హాల్లో దూరినవాళ్లు ఎంతమందో. 1990ల్లో అదీ మూతపడింది.

దొంగచాటుగా ఓడెక్కి వచ్చిన పుస్తకాలాయన

హిగ్గిన్‌బాథమ్స్ 1844లో మొదలైంది. ఇప్పటికీ నడుస్తున్న పుస్తకాల షాపుల్లో దేశంలోకెల్లా పాతది. టిక్కెట్టు లేకుండా ఓడలో దాక్కుని వస్తున్న ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్‌ను కెప్టెను మద్రాసు రేవులో దింపేశాడని కథ చెబుతారు. క్రైస్తవ మిషనరీల పుస్తకాల దుకాణంలో పనికి కుదిరాడు. నష్టాల్లో ఉన్న ఆ దుకాణాన్ని వాళ్లు అమ్మకానికి పెడితే తనే కొన్నాడు. అలా రేవులో దిగబెట్టిన మనిషి కొన్నాళ్లకు మద్రాసు నగర షెరీఫయ్యాడు. ఎత్తయిన కప్పు, నలుపు తెలుపు గచ్చు, రంగు అద్దాల కిటికీలు ఉన్న ఇప్పటి తెల్ల భవనం 1904 నాటిది. దక్షిణాది రైల్వే స్టేషన్లలో పత్రికలమ్మే దుకాణాల మీద ఈ పేరు చదివినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఆన్‌లైన్ కొనుగోళ్ల కాలంలోనూ తెరిచి ఉన్న ఆ తలుపు లోపలికి వెళ్లినవాళ్లు ఒక్క పుస్తకమైనా కొని బయటికి రావాలని నా మనవి.

65 సంఖ్య సంగతి

హైదరాబాదులో బిర్యానీకి ముందు, బెజవాడలో పెళ్లి విందులో చికెన్ 65 లేకుండా గడవని రోజులివి. అది పుట్టింది మౌంట్ రోడ్డులో. ఎ.ఎం. బుహారీ 1951లో తెరిచిన బుహారీ హోటల్ ఈ వంటకాన్ని 1965లో మెనూలో చేర్చింది. సంవత్సరం పేరే వంటకం పేరైంది. 65 రోజుల కోడి, 65 మిరపకాయలు, కోడిని 65 ముక్కలుగా కొట్టడం, సైనికుల క్యాంటీన్ మెనూలో 65వ వరస అని బోలెడు కథలు పుట్టాయి. బుహారీ వాళ్లు ఆ తర్వాత చికెన్ 78, 82, 90 అని సంవత్సరాల పేర్లతోనే కొత్తవి తెచ్చారు కాబట్టి మిగతా కథలను పక్కన పెట్టవచ్చు. మన ఊళ్లలో చేసే పెరుగు, కరివేపాకు పోపు వేసిన రకం చూస్తే అసలుకూ దానికీ చాలా దూరం. రెండూ రుచే.

రెండేళ్ల ఆకాశహర్మ్యం

ఎల్.ఐ.సి. బిల్డింగ్ గురించి చెప్పకపోతే పాత సినిమా ప్రేక్షకులు ఊరుకోరు. పల్లె నుంచి హీరో పట్నం వచ్చాడని చూపించాలంటే సెంట్రల్ స్టేషన్ ఒక షాటు, ఎల్.ఐ.సి. బిల్డింగ్ ఒక షాటు. తమిళ సినిమాలోనూ అంతే, మద్రాసులో తీసిన మన సినిమాల్లోనూ అంతే.

177 అడుగుల ఈ కట్టడాన్ని 1959 ఆగస్టు 23న మొరార్జీ దేశాయ్ ప్రారంభించారు. 1961లో బొంబాయి దాటిపోయేదాకా దేశంలో ఎత్తయిన భవనం ఇదే. మొదలుపెట్టింది మాత్రం ఎల్.ఐ.సి. కాదు. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు వ్యవస్థాపకుడు ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ తన యునైటెడ్ ఇండియా బీమా కంపెనీ కోసం కట్టడం ప్రారంభించారు. 1954లో సింగపూర్ విమాన ప్రమాదంలో ఆయన పోయారు. 1956లో ప్రభుత్వం జీవిత బీమా కంపెనీలన్నిటినీ జాతీయం చేసింది. సగంలో ఉన్న మేడ కొత్తగా పుట్టిన ఎల్.ఐ.సి. చేతికొచ్చింది. కలగన్న మనిషి పేరు ఆ భవనం చూసేవాళ్లలో వందకు ఒకరికైనా తెలుసో లేదో. 1975 జులైలో పెద్ద అగ్నిప్రమాదం జరిగినా నిలబడింది. ఇప్పుడు దాని పేరుతోనే భూగర్భ మెట్రో స్టేషను ఉంది. నగరంలో దానికన్నా ఎత్తయినవి ఎన్నో లేచాయి. చిరునామా చెప్పేటప్పుడు మాత్రం వాటి పేర్లెవరూ వాడరు.

స్పెన్సర్స్, ఎదుటి ఖాళీ చోటు

1860లలో చిన్న దుకాణంగా మొదలైన స్పెన్సర్స్, యూజీన్ ఓక్‌షాట్ చేతిలో పెరిగి 1895లో ఎర్ర ఇటుకల అందమైన భవనంలోకి మారింది. ఆసియాలోకెల్లా పెద్ద డిపార్ట్‌మెంటల్ స్టోరు అని చెప్పుకునేవాళ్లు. ఆ భవనం 1980ల తొలినాళ్లలో కాలిపోయింది. అదే చోట కట్టి 1990ల ఆరంభంలో తెరిచిన స్పెన్సర్ ప్లాజా దేశంలో మొట్టమొదటి మాల్స్‌లో ఒకటి.

దీని దగ్గరే ఒకప్పుడు జేమ్స్ నీల్ విగ్రహం ఉండేది. 1857 తిరుగుబాటులో అలహాబాదు పరిసరాల్లో చెట్టుకూ గుట్టకూ మనుషుల్ని ఉరితీయించిన సైనికాధికారి అతను. 1927లో ఆ విగ్రహాన్ని తీసెయ్యాలని సత్యాగ్రహం జరిగింది. సుత్తులతో, గొడ్డళ్లతో వెళ్లినవాళ్లు జైలుకు పోయారు. పదేళ్ల తర్వాత, 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చి దాన్ని రోడ్డు మీంచి తొలగించింది. మన్రో నిలిచాడు, నీల్ పోయాడు. స్వాతంత్ర్యానికి పదేళ్ల ముందే జనం పట్టుబట్టి దించిన ఇలాంటి విగ్రహాలు దేశంలో అరుదు.

ఇంకాస్త ముందుకెళ్తే థౌజండ్ లైట్స్ మసీదు. 19వ శతాబ్ది ఆరంభంలో ఆర్కాటు నవాబు కుటుంబం మొహర్రం సభల కోసం కట్టించిన చోట వెయ్యి దీపాలు వెలిగించేవాళ్లట. ఆ పేరే చుట్టుపక్కల పేటకు, శాసనసభ నియోజకవర్గానికి కూడా వచ్చింది.

జెమినీ చౌరస్తా

1940లో కాలిపోయిన ఒక స్టూడియోను ఎస్.ఎస్. వాసన్ వేలంలో కొని జెమినీ అని పేరు పెట్టారు. ఇద్దరు బుడతలు బూరలు ఊదే బొమ్మ వాళ్ల గుర్తు. కాంచనమాల నటించిన ‘బాలనాగమ్మ’ 1942లో ఇక్కడి నుంచే వచ్చి తెలుగు నేలను ఊపేసింది. 1948లో ‘చంద్రలేఖ’ అప్పటికి దేశంలోకెల్లా ఖరీదైన సినిమా. పెద్ద పెద్ద ఢంకాల మీద వందలమంది నర్తించే ఆ ఘట్టాన్ని ఈనాటి దర్శకులు కూడా నోరు తెరిచి చూస్తారు. ఆ నేల మీద ఇప్పుడు హోటలు, వ్యాపార భవనాలు ఉన్నాయి. స్టూడియో పోయి దశాబ్దాలైనా చౌరస్తా పేరు జెమినీయే. 1973లో ఇక్కడ కట్టిన వంతెన నగరంలో మొదటి ఫ్లైఓవర్, దేశంలో మూడోది, ఆనాటికి దేశంలో పొడవైనది. దానికి అన్నా పేరు పెట్టారు. జనం నోట జెమినీ ఫ్లైఓవరే.

ఆ వంతెన పక్కన 1969 నుంచీ అమెరికా కాన్సులేట్ ఉంది. 2008 అక్టోబరులో హైదరాబాదులో కాన్సులేట్ తెరిచేదాకా, అమెరికా వెళ్లాలనుకున్న తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చింది ఇక్కడికే. ఫైలు గుండెకు హత్తుకుని తెల్లవారకముందే వరసలో నిలబడ్డ కుర్రాళ్లు, వాళ్ల వెంట వచ్చి ఎదుటి కాలిబాట మీద దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్న అమ్మానాన్నలు, ఎన్నో వేల తెలుగు కుటుంబాల జాతకాలు మారింది ఈ గుమ్మం ముందే. కాలిఫోర్నియాలోనూ టెక్సస్‌లోనూ స్థిరపడ్డ మనవాళ్లలో మౌంట్ రోడ్డు పేరు వినగానే ఒక్కసారి కడుపులో తిప్పినట్టయ్యేవాళ్లు ఇప్పటికీ ఉంటారు.

నందనం దగ్గర వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ పెట్టినది. ఆసియాలో అలాంటిది అదే మొదలు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన జట్టు వెంట ఉన్నదీ ఆయనే.

ఉస్కాన్ వంతెన

ఈ దారిలో నాకన్నిటికన్నా ఇష్టమైన కథ సైదాపేట దగ్గరుంది. 1726 దాకా అడయారు నదికి వంతెన లేదు. కొండ మీది చర్చికి పోయే యాత్రికులు వానాకాలంలో నానా అవస్థలు పడేవాళ్లు. మద్రాసులో వర్తకం చేసి గడించిన ఆర్మీనియన్, ఖోజా పెట్రస్ ఉస్కాన్, తన సొంత సొమ్ము 30 వేల వరహాలు పెట్టి రాతి వంతెన కట్టించాడు. మరమ్మతుల కోసం విడిగా నిధి కూడా ఏర్పాటుచేశాడు. కొండకు మెట్లు కట్టించింది కూడా ఆయనే. మార్మలాంగ్ వంతెన అనేవాళ్లు దాన్ని. పక్కనున్న మాంబళం ఊరి పేరే దొరల నోట్లో పడి అలా అయింది. 1966లో మరైమలై అడిగళ్ వంతెన వచ్చేదాకా, 240 ఏళ్లు ఈ మహానగరపు పెద్ద బాటను మోసింది అదే. ఒక మనిషి దానధర్మం ఇన్ని తరాల బండ్లను దాటించిన ఉదాహరణ మన దేశంలో మరొకటి వెతకడం కష్టం.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకుని, తమ పక్షం వస్తే ఆస్తి వదిలేస్తామన్నారు. ఉస్కాన్ ఒప్పుకోలేదు. ఆస్తి పోయింది. 1751లో చనిపోయేముందు ఒక కోరిక రాసిపెట్టాడు. శరీరం వేపేరిలో పూడ్చారు. గుండెను మాత్రం, ఆయన కోరినట్టే, పుట్టిపెరిగిన పర్షియాలోని జుల్ఫాకు పంపారు. వంతెన కట్టిన సంగతి చెక్కిన శిలాఫలకం ఆ రద్దీలో కంటపడేది తక్కువ. నిత్యం లక్షల బండ్లు పోయే చోట దానికొక దీపం, నాలుగు భాషల్లో నాలుగు మాటలు రాసిన ఫలకం ఏర్పాటు చేస్తే ఎంతో ఖర్చు కాదు.

కొండ మీద గొలుసు

గిండీ దాటాక కత్తిపారా దగ్గర 2008లో పూర్తిగా తెరిచిన పూరేకుల ఆకారపు ఫ్లైఓవర్ ఉంది. ఆసియాలో పెద్దదని నగరం చెప్పుకుంటుంది. పోటీదారులున్నారు కనుక ఆ బిరుదును నేను ఖాయం చెయ్యను. దాని పక్కనే, సముద్రమట్టానికి 300 అడుగుల ఎత్తున, ఈ రోడ్డుకు పేరిచ్చిన కొండ. యేసు శిష్యుడు థామస్ ఇక్కడే ప్రాణం విడిచాడని క్రైస్తవుల విశ్వాసం. పోర్చుగీసువాళ్లు 1523లో చర్చి కట్టారు. 1547లో తవ్వుతుంటే పహ్లవీ లిపి చెక్కిన రాతి శిలువ దొరికింది. చర్చిలో దాన్ని చూడవచ్చు.

ఇదే కొండ పాదం దగ్గర 1802 ఏప్రిల్ 10న సర్వే అధికారి విలియం లాంబ్టన్ నేల కొలవడానికి ఉక్కు గొలుసు పరిచాడు. పొడవు 100 అడుగులు. మొదట చైనా చక్రవర్తికి కానుకగా పంపితే తిరగ్గొట్టిన సామగ్రిలో ఆ గొలుసు ఒకటి. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక డేరాల నీడలో, కొయ్య పెట్టెల్లో ఉంచి, మళ్లీ మళ్లీ పరుస్తూ పెరుంబాక్కం గుట్ట దాకా ఏడున్నర మైళ్లు కొలిచాడు. 57 రోజులు పట్టింది. ఇంగ్లండు నుంచి రావలసిన కోణాలు కొలిచే పెద్ద యంత్రాన్ని దారిలో ఫ్రెంచివాళ్లు ఓడతో సహా పట్టుకున్నారు. శాస్త్రపరికరమని తెలిశాక మర్యాదగా మద్రాసుకు పంపించారు. యుద్ధంలో ఉన్న దేశాలు అలా ప్రవర్తించిన రోజులూ ఉన్నాయి.

ఆ ఏడున్నర మైళ్ల గీత మీద త్రికోణం, ఆ త్రికోణం పక్కన ఇంకో త్రికోణం, ఇలా పోయి పోయి హిమాలయాల్ని అందుకున్నదే మహా త్రికోణమితి సర్వే. లాంబ్టన్ తర్వాతి సంవత్సరాల్లో హైదరాబాదు కేంద్రంగా పనిచేశాడు. 1818లో అతని సహాయకుడిగా జార్జి ఎవరెస్ట్ నియమితుడయ్యాడు. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో, సర్వే పని మీదే ఉండగా కన్నుమూశాడు. 1850లలో సర్వే గణకులు 29,002 అడుగులని తేల్చిన శిఖరానికి 1865లో ఎవరెస్ట్ పేరు పెట్టారు. లాంబ్టన్ పేరు మీద శిఖరమేదీ లేదు. కొండ మీద అతని ప్రతిమ ఒకటి ఉంది. చర్చికి వెళ్లేవాళ్లు ఆ పక్కకు కూడా నాలుగడుగులు వేసి చూడండి.